లాగ్‌బుక్‌లో రాయని పని

సెప్టెంబర్ 2

మామయ్యకి నీ పిడుగు నమస్కారాలు.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి నీ చేతిలో ఒక కారు తాళం కూడా పెడతాడు. కంగారుపడకు, లాటరీ ఏమీ తగల్లేదు. బండి నీదీ కాదు, నాదీ కాదు, మా కంపెనీది. మూడున్నర నెలలు నీ దగ్గర ఉంటుంది.

ఇన్నాళ్ళూ నేను తిండీ నిద్రా మాని చేస్తున్న కొత్త బండి ఇదే. డీజిల్ ఎస్‌యూవీ. నాలుగు చక్రాలూ లాగుతాయి, ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు. పేరు ఇంకా పెట్టలేదు. దాని ముఖం బయటివాళ్ళకి తెలియకూడదని ఒళ్ళంతా నలుపు తెలుపు చారల కాగితం అంటించాం. అమ్మకానికి పెట్టేముందు ఇలాంటివి మూడు మామూలు ఇళ్ళకి ఇచ్చి వాడిస్తాం. ఒకటి నగరంలో ఒక డాక్టరమ్మకి ఇచ్చాం, ఇంకొకటి సముద్రం ఒడ్డున చేపల వ్యాపారికి. మూడోది కొండమీద తిరగాలి అన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు కొండ రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి నాకు సొంత మేనమామ అయి ఉండగా ఇంకెక్కడికి వెళ్ళి వెతకను? మా టెస్టింగ్ పెద్దాయన మాత్రం "బంధువులు నిజం రాస్తారా?" అని అడిగాడు. "మా మామయ్య బండి గురించి అబద్ధం చెప్పగా నేను వినలేదు" అన్నాను.

ఈ బండి సంగతి ఫోన్లో ఒక్క ముక్క మాట్లాడకూడదు, ఫోటో తీయకూడదు. అందుకే ఈ ఉత్తరాలు. కంపెనీ మనిషి వారం వారం వచ్చి కవరు పట్టుకుపోతాడు. బండిలో ఒక లాగ్‌బుక్ ఉంది, రోజుకొక పేజీ, ఆ వారం పేజీల నకళ్ళు కవరులో పెట్టు. బండికి ఏం జరిగినా అందులో రాయి. వదిన బడికి పాఠాలు చెప్పడానికి వెళ్ళేటప్పుడు, తన కవలలు చదువుకి వెళ్ళేటప్పుడు, అత్తయ్య బజారుకి వెళ్ళేటప్పుడు, అన్నిటికీ ఇదే వాడండి. చెడిపోతే చెడిపోనీ, 'రండి' అని ఒక్క మాట ఫోన్ చేస్తే మా వర్క్‌షాపు మనుషులే వచ్చి చూస్తారు.

డిసెంబర్ ఇరవైన ఈ బండి జనం చేతికి ఇవ్వచ్చు అని సంతకం పెట్టాల్సింది నేను. నా సంతకంతో ఒక బండి బయటికి వెళ్ళడం ఇదే మొదటిసారి. అందులో ఎవరెవరి పిల్లలో కూర్చుంటారు. కాబట్టి మొహమాటం లేకుండా తిట్టు మామయ్యా. తిట్లు నాకు పనికొస్తాయి.

నీ మేనకోడలు


సెప్టెంబర్ 14

పిడుగూ,

బండి దిగింది. నువ్వు పుట్టినప్పుడు కూడా మన వీధిలో ఇంతమంది చూడ్డానికి రాలేదు. బేకరీ ఆయన చుట్టూ మూడుసార్లు తిరిగి, "పాపం, దీనికి ఏం జబ్బు చేసిందండీ, ఒళ్ళంతా కట్లు కట్టారు?" అన్నాడు. కవలలు దానికి 'చారలది' అని పేరు పెట్టేశారు. మీ కంపెనీవాళ్ళు పేరు కోసం తలలు బద్దలు కొట్టుకోనక్కర్లేదని చెప్పు.

మొదట నోరు సంగతి. తలుపు సరిగ్గా పడకపోతే అరుస్తుంది. బెల్టు పెట్టుకోకపోతే అరుస్తుంది. వెనక్కి వెళుతుంటే గోడ ఉందని అరుస్తుంది. ఆ గోడ కట్టించింది నేనే, నాకు తెలియదా? మీ అత్తయ్యకి ఇన్నాళ్ళకి ఒక తోడు దొరికిందని సరిపెట్టుకున్నాను.

ఇంజను మాత్రం బంగారం. బడికి ఎక్కే దారిలో మూడో మలుపు నీకు గుర్తుండే ఉంటుంది. బస్సు అక్కడికి వచ్చేసరికి నువ్వు కళ్ళు గట్టిగా మూసుకునేదానివి. ఇది ఆ ఎత్తు మీద ఊపిరి కూడా బిగబట్టలేదు. వాన పడిన రోజు మీట తిప్పి నాలుగు చక్రాలకీ లాగుడు ఇచ్చి చూశాను. ఒక చక్రం బురదలో జారితే మిగతా మూడూ పట్టుకున్నాయి, మంచి ఇంట్లో అన్నదమ్ముల్లా. మీ అమ్మ ఉంటే ముందు సీటు ఇంకెవరికీ దక్కనిచ్చేది కాదు. మా అక్కకి బండెక్కితే ఆకలి కూడా వేసేది కాదు.

లోపాలు రాయమన్నావు. వెతికాను. ఏమీ లేవు.

మామయ్య

పిడుగూ, నేను అత్తయ్యని. కింద కాస్త చోటు మిగిలిందని రాస్తున్నాను. మీ మామయ్య తెల్లారకముందే లేచి ఆ బండి దగ్గరికే పోతారు. రిటైరయ్యాక మనిషి మంచం పట్టినట్టు అయిపోయారు, ఇప్పుడు ఈల వేస్తున్నారు. నీకు పుణ్యం ఉంటుంది.


సెప్టెంబర్ 22

మామయ్యకి,

నువ్వు ఈల వేస్తున్నావంటే నాకూ సంతోషమే. కానీ నీ లాగ్‌బుక్ చూసి మా పెద్దాయన నవ్వుతున్నాడు. "మీ మామయ్య బండిని టెస్టు చేస్తున్నాడా, పెళ్ళిచూపులు చూస్తున్నాడా?" అంటున్నాడు. డాక్టరమ్మ పద్నాలుగు లోపాలు రాసింది. చేపల వ్యాపారి ఇరవై రెండు రాశాడు, అందులో సగం వాసన గురించి, ఆ వాసన మా బండిది కాదు, ఆయనది. నీ పేజీలు చూస్తే అన్నిటిలోనూ ఒకటే మాట: 'బాగుంది.'

కాకిపిల్ల కాకికి ముద్దు అని నాకూ తెలుసు. అది నేను చేసిన బండి కాబట్టి నీకు ముద్దొస్తోంది. కానీ మామయ్యా, దాన్ని మేనకోడలి బండిలా చూడకు. పక్కింటివాడి బండిలా చూడు.

పిడుగు


అక్టోబర్ 6

పిడుగూ,

పెళ్ళిచూపులా! మీ పెద్దాయన్ని ఒకసారి నా పక్కన కూర్చోబెట్టు, మూడో మలుపులో ఎవరు పెళ్ళికొడుకో తేలుతుంది.

సరే, లోపాలు కావాలన్నావు, తీసుకో. వెనక వరుసలో నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. గ్లాసు పెట్టుకునే గుంటలో మీ అత్తయ్య కళ్ళజోడు పడితే తీయడానికి నాకు అరగంట పట్టింది. అద్దం తుడిచే చేయి ఎడమవైపు ఒక జానెడు వదిలేస్తోంది.

ఇంకొకటి ఉంది, ఇది కాస్త వింతది. డ్రైవరు సీటు దానంతట అదే ముందుకి జరుగుతోంది. నా కాళ్ళకి సరిపోయేలా పెట్టి దిగుతాను. సాయంత్రం నడకకి వెళ్ళి వచ్చి ఎక్కితే స్టీరింగు పొట్టకి తగులుతోంది. ఇలా వారంలో నాలుగుసార్లు జరిగింది. మోటారు సీట్లలో ఏదో దోషం ఉంది, చూడండి. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో చెక్క సీటు ఎన్నడూ కదల్లేదమ్మా.

మీ అత్తయ్యని అడిగితే తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి పోయింది. యంత్రాల సంగతి దానికేం తెలుస్తుందిలే.

మామయ్య


అక్టోబర్ 18

మామయ్యకి,

నీ సీటు మా ఆఫీసులో దుమారం లేపింది. నడుస్తున్న బండిలో సీటు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది కదా. ఇద్దరు ఇంజనీర్లు పది రోజులు అలాంటి సీటునే విప్పి, బిగించి, ఎండబెట్టి, తడిపి చూశారు. ఒక్క అంగుళం కదల్లేదు. నువ్వు రాశావు కాబట్టి కదిలే ఉంటుందని నేను వాళ్ళతో గొడవపడుతున్నాను.

ఇంకో సంగతి. డీజిల్లో నీళ్ళు కలిస్తే అవి ఇంజనులోకి పోకుండా ఫిల్టరు అడుగున ఒక గిన్నెలో ఆగుతాయి. గిన్నె నిండుతుంటే డ్రైవరు ముందు పసుపు దీపం వెలగాలి. చేపల వ్యాపారి బండిలో అది రెండుసార్లు వెలిగింది, మావాళ్ళు వెళ్ళి నీళ్ళు తీసి వచ్చారు. నీ బండిలో ఒక్కసారీ వెలగలేదు. మీ కొండమీద డీజిల్ అంత శుభ్రంగా దొరుకుతోందా?

ఏమైనా నీ బండే మూడింటిలోనూ బాగా నడుస్తోందని చెప్పుకుంటున్నారు. గర్వంగా ఉంది.

పిడుగు


నవంబర్ 1

పిడుగూ,

శుభ్రమైన డీజిలా? మా బంకువాడు వింటే నవ్వి నవ్వి చస్తాడు. ఇక్కడికి డీజిల్ ఇప్పటికీ పీపాల్లోనే వస్తుంది. మంచు కురిసినా వాన కురిసినా అందులో వాటా ఉంటుంది. అలాంటి డీజిల్ తాగి కూడా నీ బండి ఒక్కనాడూ దగ్గలేదు. ఈ మాట మీ పెద్దాయనకి గట్టిగా చెప్పు.

చలి మొదలైంది. కవలలు అద్దం మీద ఆవిరి ఊది బొమ్మలు గీస్తున్నారు. సీటు మాత్రం ఇంకా జరుగుతూనే ఉంది. నిన్నైతే అద్దాలు కూడా జరిగాయి. నీ ఇంజనీర్లకి చెప్పు, దోషం పాకుతోంది.

మామయ్య

పిడుగూ, అత్తయ్యని. ఉత్తరం నేనే అంటిస్తానని తీసుకుని ఇది రాస్తున్నాను. ఆ ఇంజనీర్ల ఉసురు నాకు తగిలేలా ఉంది. సీట్లో ఏ దోషమూ లేదమ్మా. ఆయన నడకకి వెళ్ళగానే మీ వదిన నాకు డ్రైవింగు నేర్పిస్తోంది. ఈ వయసులో ఎందుకంటావేమో. ముప్ఫై ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని బ్రేకు లేనిచోట కాలు నొక్కాను, ఇప్పుడు బ్రేకు ఉన్నచోట నొక్కాలనిపించింది. లైసెన్సు వచ్చేదాకా ఆయనకి చెప్పకు.

నీ వంతుగా ఒక సాయం చేయి. ఆయన రోజూ పొద్దున్నే ఆ బండి కిందనుంచి ఒక గాజు సీసాలో ఏదో పట్టుకొచ్చి వంటింటి కిటికీలో పెడతారు. కింద నీళ్ళు, పైన నూనె. దాన్ని వెలుతురులో పెట్టి చూసి మురిసిపోతారు. ఇల్లంతా డీజిల్ కంపు. నువ్వు చెబితే వింటారు.


నవంబర్ 9

మామయ్యా,

ఒక్కటే అడుగుతున్నాను. వెంటనే జవాబు రాయి.

వంటింటి కిటికీలో ఉన్న సీసాలోకి ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఎప్పటినుంచి పడుతున్నావు?

పిడుగు


నవంబర్ 16

పిడుగూ,

అత్తయ్య చాడీ చెప్పిందన్నమాట. సరే, దాచాల్సిందేముంది?

ఫిల్టరు కింద చిన్న మర ఉంది కదా. పొద్దున్నే బండి కదలకముందు దాన్ని వదులు చేస్తాను. ముందు నీళ్ళు వస్తాయి, తర్వాత డీజిల్ వస్తుంది. డీజిల్ రాగానే బిగించేస్తాను. ఐదు నిమిషాల పని. బండి వచ్చిన మర్నాటినుంచి ఒక్క రోజు తప్పలేదు. మా డిపోలో ఈ పని చేయకుండా బస్సు తాళం ముట్టుకున్నవాణ్ణి డ్రైవరనే వాళ్ళం కాదు. రాత్రంతా నిలబడ్డ నీళ్ళు అడుగుకి దిగుతాయి, పొద్దున్నే తీసేస్తే ఇంజను నూరేళ్ళు బతుకుతుంది.

ఆ సీసా చూస్తే నీకే తెలుస్తుంది ఎంత నీళ్ళో. మీ దీపం వెలగలేదంటే కారణం మీ మామయ్య. మెచ్చుకుంటావనుకున్నాను, నీ ఉత్తరం చూస్తే పోలీసు స్టేషనునుంచి వచ్చినట్టుంది.

లాగ్‌బుక్‌లో ఎందుకు రాయలేదంటావా? అదీ ఒక రాసే విషయమేనా? పళ్ళు తోముకున్నానని ఎవరైనా డైరీలో రాస్తారా?

మామయ్య


నవంబర్ 23

మామయ్యా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను.

నువ్వు మంచి డ్రైవరువి. అదే ఇప్పుడు నా ప్రాణం మీదికి వచ్చింది. ఈ బండి కొనేవాళ్ళకి ఆ మర ఉందని కూడా తెలియదు. ఒక తల్లి పిల్లల్ని ఎక్కించుకుని కొండ ఎక్కుతుంది. దీపం వెలిగితే ఆగుతుంది. వెలగకపోతే పోతూనే ఉంటుంది. ఏటవాలులో గిన్నె వంగుతుంది, నీళ్ళు ఒక పక్కకి చేరతాయి. అప్పుడు కూడా ఆ దీపం వెలుగుతుందా అని తెలుసుకోవడానికే కదా ఒక బండి కొండమీదికి పంపింది! నువ్వు దానికి వెలిగే అవసరమే రానివ్వలేదు. మూడు నెలలు గాలికి పోయాయి. సంతకానికి నాలుగు వారాలు కూడా లేవు. కొండ గురించి నా చేతిలో ఉన్నది ఎనభై పేజీల 'బాగుంది.' నేను కారు అమ్మగలను మామయ్యా, ప్రతి కారుతోపాటు నిన్ను కూడా కట్టి అమ్మలేను.

కోపంలో ఉన్నాను కాబట్టి ఇంకో మాట కూడా అనేస్తాను. అమ్మ విషయంలోనూ ఇదే చేశావు. ఏడాదిపాటు ఆవిడ జబ్బుతో ఉంటే, నువ్వూ అత్తయ్యా ఆస్పత్రులు తిప్పుతూ, నాకు మాత్రం 'అంతా బాగుంది, నువ్వు చదువుకో' అని రాశావు. నేను వచ్చేసరికి నాలుగు రోజులు మిగిలాయి. కష్టం నాదాకా రాకూడదని నువ్వే మోశావు. అది ప్రేమ కాదని నేననను. కానీ ఆ ఏడాది నాకు ఎవరు తెచ్చిస్తారు?

పిడుగు


డిసెంబర్ 4

టెస్టింగ్ ఇంజనీరు గారికి,

మీ ఉత్తరం గత నెల ఇరవై ఆరున అందింది. ఇరవై ఏడునుంచి ఫిల్టరు మర ముట్టుకోలేదు. ఆ రోజునుంచి మా అమ్మాయినీ పిల్లల్నీ ఊరి బస్సులో పంపి, బండిని నేనొక్కణ్ణే నడిపాను. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, బడిదాకా ఎక్కి దిగాను. పీపా అడుగు డీజిలే పోయించాను.

ఆరో రోజు, డిసెంబర్ రెండున, ఉదయం ఎనిమిదింటికి మూడో మలుపు ఎక్కుతుండగా ఇంజను రెండుసార్లు అదిరి ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుంది. బ్రేకు మీద నిలబెట్టి, దిగి, వెనక చక్రాలకి రాళ్ళు పెట్టాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పసుపు దీపం ఆగకముందు వెలగలేదు, ఆగాక కూడా వెలగలేదు. వర్క్‌షాపు మనిషి వచ్చి నా ఎదుట మర విప్పాడు. గిన్నె నిండా నీళ్ళే.

లాగ్‌బుక్‌లో మొదటి ఎనభై ఐదు పేజీలు తప్పు. అందుకని ప్రతి పేజీ కిందా 'ఈ రోజు ఫిల్టరులో నీళ్ళు తీశాను, రాయలేదు' అని చేర్చి, చేర్చిన తేదీ వేసి సంతకం పెట్టాను. పుస్తకాన్ని మీకు కాకుండా మీ పెద్దాయనకే పంపాను. మీ చేతికి ఇస్తే బంధువులమని ఎవరైనా వేలెత్తి చూపగలరు.

అక్కయ్య విషయం రాశారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇట్లు,
డ్రైవరు

పిడుగూ, ఏం రాశావమ్మా ఆయనకి? రెండు రోజులు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ పేజీలన్నీ రాశారు. నేను రాసిపెడతానంటే కలం ఇవ్వలేదు. సీటు సంగతి కూడా చెప్పేశాను, కనీసం నవ్వుతారని. నవ్వలేదు.


డిసెంబర్ 5

మామయ్యా,

కంపెనీ మనిషి ఈసారి నీ దగ్గరనుంచి కవరు తేలేదు. నీ దగ్గరనుంచి కవరు రాని వారం ఇదే మొదటిది.

బండి గురించి అన్న మాట వెనక్కి తీసుకోను. అమ్మ గురించి అన్న మాట నిజమే, కానీ దాన్ని బండిలో ఎక్కించి పంపాల్సింది కాదు. ఎదురుగా కూర్చుని అడగాల్సింది. క్షమించు.

ఇక్కడ సంగతి చెబుతాను. నీళ్ళు తీస్తున్నావని పెద్దాయనకి చెప్పాను. ఆయన "కొండ బండిని లెక్కలోంచి తీసేద్దాం. పరీక్షించిన మనిషి నిబంధన దాటాడని ఒక వాక్యం రాసేద్దాం. మిగతా రెండూ బాగానే ఉన్నాయి, ఇరవైన సంతకం పెట్టెయ్" అన్నాడు. తప్పు నీ మీద పడుతుంది, బండి బయటికి వెళ్ళిపోతుంది. అందరూ అలసిపోయి ఉన్నారు మామయ్యా. నేనూ అలసిపోయాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జవాబు రాయి. తిట్టినా సరే.

పిడుగు


డిసెంబర్ 21

మామయ్యకి,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నీది నాకు అందిన రోజు పొద్దున నేను ఏం నిర్ణయించుకుని ఆఫీసుకి బయల్దేరానో తెలుసా? సంతకం పెట్టేద్దామని. కొండ రోడ్లమీద ఈ బండి ఎంతమంది కొంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గుగా ఉంది, అయినా నీ దగ్గర దాచను.

నిన్న మీటింగులో పదకొండు మంది ఉన్నారు. పెద్దాయన లాగ్‌బుక్ తెచ్చి మొదటి పేజీనుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. 'బాగుంది. ఈ రోజు ఫిల్టరులో నీళ్ళు తీశాను, రాయలేదు.' తర్వాతి పేజీ, మళ్ళీ అదే. ఎవరో నవ్వారు. పది పేజీలయ్యాక ఎవరూ నవ్వలేదు. ఇరవయ్యో పేజీ దగ్గర పెద్దాయన పుస్తకం మూసి, "ఈయన ఇంత రాస్తే, నేను ఈయన మీద ఒక వాక్యం రాసి తప్పించుకుందాం అనుకున్నాను" అన్నాడు. అప్పుడు నేను లేచి సంతకం పెట్టనని చెప్పాను. లాగ్‌బుక్ సూచనలు రాసింది నేనే. 'బండికి ఏం జరిగినా రాయి' అన్నాను గానీ 'బండికి నువ్వేం చేసినా రాయి' అనలేదు. డిపోలో పెరిగిన మనిషికి ఆ రెండో మాట చెప్పాలని నాకు తట్టాల్సింది. ఆ తప్పు నాదేనని రాసి ఇచ్చాను.

బండి నాలుగు నెలలు వెనక్కి వెళ్ళింది. నాకు రావాల్సిన హోదా వేరేవాళ్ళకి వెళ్ళింది. ఈ రోజు కాఫీ వేళకి నా బల్ల దగ్గర ఎవరూ ఆగలేదు. పోనీ. గిన్నెలో దీపానికి కబురు అందించే ముల్లు ఒక్కటే ఉండేది, ఇప్పుడు రెండో పక్క కూడా ఒకటి పెడుతున్నారు. బండి ఎటు వంగినా తెలియాలి.

కొత్త గిన్నెతో నీ చారలదే మళ్ళీ వస్తుంది. దాన్ని నీ చేతికి ఇవ్వనంటున్నాడు పెద్దాయన. "బానెట్ ఎత్తడం కూడా తెలియని మనిషి కావాలి" అన్నాడు. నాకు వెంటనే ఒకావిడ గుర్తొచ్చింది. సీటు కూడా ఆవిడకి సరిపోయేలాగే ఉందట కదా. నువ్వు పక్కన కూర్చో, అంతే.

నన్ను ఇంజనీరు గారూ అని పిలవకు మామయ్యా. ఆ ఒక్క మాటకి ఏడ్చాను.

పిడుగు


ఫిబ్రవరి 3

పిడుగూ,

ముందు నీ పని సంగతి. దీపం వెలిగింది.

నిన్న ఉదయం, సరిగ్గా ఏటవాలు మీద. మీ అత్తయ్య నడుపుతోంది, లైసెన్సు పోయిన నెలే వచ్చింది, వెనక ఎవరూ లేరు. "ఏదో పసుపుపచ్చగా వెలిగిందండీ" అంది. తనే పక్కకి తీసి ఆపింది, చేతి బ్రేకు వేసింది, సూచనల పుస్తకం తీసి వేలు పెట్టుకుని చదివింది, మీ వర్క్‌షాపుకి ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఐదు నిమిషాల పని పిడుగూ! చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆ గంటన్నరా మీ అత్తయ్య నాకు డ్రైవింగు పాఠాలు చెప్పింది. మలుపులో నేను ఎక్కువ స్పీడు వెళతానట. ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత ఈ మాట వినాల్సి వచ్చింది. నిజం చెప్పనా, బాగా నడుపుతోంది. ఇక నువ్వు సంతకం పెట్టుకోవచ్చు, కానీ ఒక్కసారి వెలిగిందని వెంటనే కాదు, ఇంకా నెలరోజులు చూసి పెట్టు.

ఇప్పుడు రెండో సంగతి. మీ అమ్మ విషయానికి నా దగ్గర జవాబు లేదని రాశాను. ఉంది. రాయడానికి ధైర్యం లేకపోయింది. నీకు చెప్పొద్దని మా అక్కే అంది, కానీ అది మొదట్లో. చివరి రెండు నెలలూ 'దాన్ని పిలవరా' అని అడుగుతూనే ఉంది. నీ పరీక్షలు అయిపోతాయి, అప్పటికి అక్క తేరుకుంటుంది, అన్నీ నేను సర్దేయగలను అనుకున్నాను. ఎప్పుడూ సర్దేసేవాణ్ణి కదా. ఆ రెండు నెలలూ నీకు దక్కకుండా చేసింది జబ్బు కాదు, నేను. అక్క నీకోసం అడిగినప్పుడల్లా 'వచ్చేస్తుందక్కా' అని చెప్పాను. నువ్వు తిట్టినా, మాట్లాడటం మానేసినా, నీకు ఆ హక్కు ఉంది. అక్క నిన్ను పిలిచిందని నీకు తెలియాలి.

మూడోది నువ్వు అడగనిది. సోమవారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను, కొత్త కళ్ళజోడు రాస్తాడని. కుడి కంటి నరం పాడవుతోందన్నాడు. పోయిన చూపు తిరిగి రాదట, ఉన్నది నిలబెట్టుకోవాలట. రెండో కన్ను సంగతి పదిహేను రోజుల్లో చెబుతానన్నాడు. ఇక స్టీరింగు పట్టుకోవద్దని కాగితం మీద రాసి ఇచ్చాడు. అలవాటు ఊరుకోదు కదా, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. పరీక్ష ఫలితం వచ్చాక చెబుదాం, ఈలోగా అందర్నీ ఎందుకు కంగారుపెట్టడం అనుకున్నాను. ఒక రాత్రి అలాగే పడుకున్నాను. తెల్లారాక కాగితం తీసి మీ అత్తయ్య చేతిలో పెట్టాను. ఇప్పుడు నీకు రాస్తున్నాను.

భయంగా ఉంది పిడుగూ. ఆదివారం వస్తావా?

మామయ్య